ఎత్తు ఒక బినామీ

కొండ మీద ఏ చోట ఏ మొక్కలుంటాయో కొండెక్కకుండానే చెప్పేయొచ్చన్న ధీమా ఈమధ్య బాగా పెరిగింది. ధీమాకి కారణం లేకపోలేదు. భూమ్మీద దాదాపు ప్రతి కొండకీ 30 మీటర్లకో ఎత్తు చొప్పున కొలిచిన డేటా ఉచితంగా దొరుకుతోంది. ఆ ఎత్తుల్లోంచి వాలు ఎంతో, అది ఏ దిక్కుకి తిరిగి ఉందో, వాన నీరు ఎటు పారి ఎక్కడ నిలుస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాములూ ఉచితమే. కొన్ని వందల చోట్ల మనుషులు తిరిగి రాసుకొచ్చిన మొక్కల వివరాలు పక్కన పెట్టి, ఈ రెండింటికీ ఉన్న సంబంధం వెతకమని కంప్యూటరుకి అప్పగిస్తే, ఎవరూ అడుగుపెట్టని మిగతా కొండనంతా అదే నింపిపెడుతుంది. మధ్యాహ్నం మొదలెడితే సాయంత్రానికి రంగురంగుల పటం తయారు.

పటాలు చేయడమే నా పని కాబట్టి ఈ పద్ధతిని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. కొండల విషయంలో ఇంతకంటే చవకైన, తెలివైన మొదటి మెట్టు ఇంకోటి లేదనే అంటాను. నా పేచీ అంతా దాన్ని చివరి మెట్టుగా చూపించడంతోనే. ఎత్తుల డేటా చెప్పగలిగింది ఏ చోట ఏది పెరిగే అవకాశం ఉందన్నది. అక్కడ నిజంగా ఏది పెరిగిందన్నది వేరే సంగతి. ఈ తేడా పటంలోనే కనిపించాలి. కనిపించకపోతే, చూసేవాళ్ల చేతిలో ఊహని పెట్టి ఇది కొలత అని నమ్మబలికినట్టే.

మొక్కకి తను సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలీదు. దానికి తెలిసినవి వేళ్ల దగ్గరి వేడి, మంచు కప్పి ఉండే కాలం, నేలలో తడి, గాలి దెబ్బ, ఎండ, మట్టి లోతు. ఎత్తు వీటన్నిటికీ బినామీ. ఆస్తి దాని పేరున ఉంటుంది, అసలు యజమానులు వెనకాల ఉంటారు. ఒకే కొండ మీద పని చేసినంత కాలం ఈ ఏర్పాటు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకి సగటున ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి ఎత్తు అన్నా చలి అన్నా ఒకటేలా కనిపిస్తాయి. ఇంకో పర్వతానికి వెళ్లగానే గుట్టు బయటపడుతుంది. ఆల్ప్స్‌లో 2,500 మీటర్ల దగ్గర చెట్లు అయిపోయి గడ్డీ రాళ్లూ మిగులుతాయి. భూమధ్యరేఖ దగ్గరి ఆండీస్‌లో అదే ఎత్తున దట్టమైన మబ్బుల అడవి ఉంటుంది. ఆగ్నేయ టిబెట్‌లో జూనిపర్ చెట్లు 4,900 మీటర్ల దాకా ఎక్కాయి.

మరి చెట్లు ఎక్కడ ఆగిపోవాలో నిర్ణయిస్తున్నది ఏమిటి? స్విట్జర్లాండ్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్, యెన్స్ పాల్సెన్ కలిసి ఉత్తరాన 68 డిగ్రీల నుంచి దక్షిణాన 42 డిగ్రీల దాకా 46 చోట్ల ట్రీలైన్ (చెట్లు ఆగిపోయే గీత) దగ్గర నేలలో థర్మామీటర్లు పాతి చూశారు. చెట్లు ఆగే ఎత్తులు వేల మీటర్ల తేడాతో ఉన్నాయి. మొక్కలు పెరిగే కాలంలో వేళ్ల దగ్గరి సగటు వేడి మాత్రం అన్నిచోట్లా 6.7 డిగ్రీలకి అటూ ఇటూగానే తేలింది. ఆ ఫలితం 2004లో వచ్చింది. అసలు యజమాని ఎవరో అప్పుడు తెలిసిపోయింది. ఆ తర్వాత కూడా వచ్చే పటాల్లో చాలావాటికి మొదటి ఇన్‌పుట్ ఎత్తే. ఇప్పుడు చవకగా దొరికేది అదే మరి.

ఇదంతా కంప్యూటర్లతో మొదలైన కథ కూడా కాదు. 1802లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్, ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త బాన్‌ప్లాండ్ ఈక్వడార్‌లోని చింబోరాజో అనే కొండ ఎక్కారు. 1807లో అచ్చయిన ఆ కొండ అడ్డుకోత బొమ్మ మీద ఏ ఎత్తు దగ్గర ఆ ఎత్తు మొక్కల పేర్లు రాసి ఉంటాయి. ఎత్తుని బట్టి మొక్కల్ని చూపించిన పటాల్లో అంత పేరున్నది మరొకటి లేదు. 2012లో కొందరు శాస్త్రవేత్తలు మళ్లీ చింబోరాజో ఎక్కి పోల్చి చూసి, 210 ఏళ్లలో మొక్కలు 500 మీటర్లకి పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. వాతావరణ మార్పుకి ఇంతకంటే కొట్టొచ్చినట్టున్న సాక్ష్యం ఏముంటుందని అందరూ అనుకున్నారు. 2019లో పియర్ మొరే బృందం హంబోల్ట్ పాత రాతప్రతులూ, సేకరించిన మొక్కల నమూనాలూ తిరగేసింది. బొమ్మలో పై ఎత్తుల దగ్గర కనిపించే మొక్కల్లో ఎక్కువ భాగం చింబోరాజోవి కావనీ, ఆంటిసానా అనే వేరే అగ్నిపర్వతం మీద సేకరించినవనీ తేలింది. ఆంటిసానా మీదే మళ్లీ లెక్కేస్తే ఆ జరుగుడు 215 నుంచి 266 మీటర్ల మధ్యకి దిగింది. మొక్కలు పైకి పోవడం నిజమే, లెక్క మాత్రం దాదాపు సగమైపోయింది. ఎక్కడో కోసిన కొమ్మని ఇంకెక్కడి ఎత్తుకో తగిలించడం వల్ల వచ్చిన తేడా ఇది. ఇవాళ్టి మోడళ్లలో, అంటే సంబంధాలు నేర్చుకుని పటం నింపే కంప్యూటర్ లెక్కల్లో, జీపీఎస్ లేని కాలపు హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాల) రికార్డుల్ని 30 మీటర్ల పిక్సెళ్ల మీద, అంటే పటంలోని చిన్న గడుల మీద పెట్టి లెక్కలు కట్టేవాళ్లు చేస్తున్నదీ ఇంచుమించు ఇదే.

ఎత్తుని పక్కన పెట్టి వాలు ముఖం, అంటే వాలు ఏ దిక్కుకి తిరిగి ఉందన్న సంగతికొద్దాం. డేటాలోంచి అసలు కారణానికి ఎంత దగ్గరగా వెళ్లొచ్చో, ఎంత సులువుగా దారి తప్పొచ్చో ఇక్కడే తెలుస్తుంది. దిక్కుని డిగ్రీల్లో కొలుస్తాం. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180. 359 డిగ్రీల వాలూ 1 డిగ్రీ వాలూ రెండూ ఉత్తరానికే తిరిగి ఉన్నాయి. కంప్యూటరుకి మాత్రం అవి ఒకదానికొకటి 358 దూరం. వాటి సగటు తీయమంటే 180 అంటుంది, అంటే పచ్చి దక్షిణం. ఉత్తర వాలు మీద ఉండే చల్లటి, తడి మొక్కల గుంపుని తీసుకెళ్లి ఎండకి మాడే గట్టు మీద పెట్టేస్తుంది. మందు తేలికే. డిగ్రీల బదులు కొసైన్, సైన్ తీసుకుంటే ఒకటి ఎంత ఉత్తరమో చెబుతుంది, రెండోది ఎంత తూర్పో చెబుతుంది. అయినా డిగ్రీల్ని ఉన్నవి ఉన్నట్టే మోడల్లోకి తోసేసిన పటాలు ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి.

దిక్కుతో పాటు వాలునీ కలిపి ఎండ లెక్క వేస్తే ఇంకా బాగుంటుంది. ఉత్తరార్ధగోళంలో 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక కొండని తీసుకుందాం. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 30 డిగ్రీల దక్షిణ వాలు సూర్యుడికి దాదాపు ఎదురుగా ఉంటుంది కాబట్టి నిటారుగా పడే ఎండలో 97 శాతం దానికి అందుతుంది. చదును నేలకి 71 శాతం. అదే 30 డిగ్రీల ఉత్తర వాలుకి 26 శాతమే. శిఖరానికి ఇటూ అటూ, రెండు అడుగుల తేడాలో, మూడున్నర రెట్లకి పైగా వ్యత్యాసం. అదే లెక్క జూన్‌లో పగలు అన్నిటికంటే పొడుగైన రోజున చేయండి. దక్షిణ వాలుకి 99 శాతం, ఉత్తర వాలుకి 62 శాతం. తేడా ఒకటిన్నర రెట్లకి కాస్త పైన ఆగిపోయింది.

అంటే వాలు ముఖం తన పెత్తనం చూపించేది నడి వేసవిలో కాదు, మంచు కరిగే రోజుల్లో. దక్షిణ వాలు వసంతంలో ముందే బయటపడి మొక్కకి ఎక్కువ రోజులు ఇస్తుంది. ఉత్తర వాలు మంచు కిందే ఉండిపోతుంది. ఏడాది మొత్తానికి కలిపి సగటు ఎండ లెక్కగట్టి మోడలుకి ఇచ్చేవాళ్లు ఈ ముక్కనే చేజార్చుకుంటారు. ఇంకో చిక్కుంది. ఆగ్నేయ వాలుకీ నైరుతి వాలుకీ ఎండ లెక్కలో సమానంగానే వస్తుంది. అయినా నైరుతి వాలే వేడిగా, పొడిగా ఉంటుంది. పొద్దుటి ఎండ చల్లటి గాలిని వేడెక్కించడానికీ, రాత్రి కురిసిన తేమని ఆరబెట్టడానికీ ఖర్చయిపోతుంది. మధ్యాహ్నం తర్వాతి ఎండ అప్పటికే కాగిన నేల మీద పడుతుంది. బ్రూస్ మెక్‌కూన్, డిలన్ కీయన్ 2002లో ఇచ్చిన వేడి సూచికలో ఉత్తర దక్షిణ గీతని ఈశాన్య నైరుతి గీతకి తిప్పడం ఇందుకే. చిన్న మార్పే గానీ మొక్కల వైపు నుంచి ఆలోచించినవాళ్లు చేసిన మార్పు. భూమధ్యరేఖ దగ్గర ఇది కూడా పనికిరాదు. అక్కడ చాలా కొండల మీద మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకుంటాయి కాబట్టి, పొద్దుటి ఎండ పట్టుకునే తూర్పు వాలుదే పైచేయి.

నీటి లెక్కకి అందరూ వాడే సూచిక 1979 నాటిది. కీత్ బెవెన్, మైక్ కిర్క్‌బీ వరద ఎలా పుడుతుందో చెప్పడానికి తయారుచేశారు. ఒక చోటికి పైనుంచి ఎంత మేర నేల నీరు దిగుతుందో చూసి, దాన్ని అక్కడి వాలుతో భాగించి లాగరిథమ్ తీస్తే వస్తుంది. లోయల్లో ఎక్కువ, గట్ల మీద తక్కువ. కింద మట్టి ఉందా సున్నపురాయి పగుళ్లున్నాయా అన్నది దానికి పట్టదు. సున్నపురాతి కొండల్లో నీరు నేలలోకే దిగిపోతుంది కాబట్టి అక్కడ ఈ అంకె దాదాపు అలంకారమే. దీని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

ఎత్తు పెరిగితే చల్లన అన్న లెక్క తలకిందులయ్యే చోట్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రియాలో లుంజ్ దగ్గర గ్రూన్‌లోఖ్ అనే గుంట ఉంది. రాత్రిపూట వాలు మీది చల్లగాలి బరువెక్కి కిందికి జారి ఆ గుంటలో చేరుతుంది. బయటికి పోవడానికి దారి ఉండదు. గడచిన శతాబ్దం తొలి సగంలో అక్కడ మైనస్ 52.6 డిగ్రీలు నమోదైంది. దాంతో మొక్కల వరస తిరగబడింది. గుంట అంచుల మీద పెద్ద చెట్లుంటే, కిందికి దిగేకొద్దీ అవి కురచై, అడుగున చెట్టన్నదే లేకుండా గడ్డి మిగులుతుంది. ఎత్తుని మాత్రమే నమ్ముకున్న మోడల్ ఆ అడుగున దిట్టమైన అడవిని గీస్తుంది. చిత్రమేమిటంటే ఈ గుంటని పట్టుకోవడానికి కావలసిన సమాచారం కూడా అదే ఎత్తుల డేటాలో ఉంది. చుట్టుపక్కల నేలతో పోలిస్తే ఈ చోటు ఎంత లోతు, చల్లగాలి బయటికి పోయే సందు ఉందా లేదా అని అడిగితే అది చెబుతుంది. అడగాలని తెలియాలంటే మాత్రం ఆ గుంటలో ఏం పెరుగుతుందో ఎవరో ఒకరు ముందు చూసి ఉండాలి.

ఇక డేటా సంగతి. ఎత్తుల డేటా అంటే నేల ఎత్తు అని అందరూ అనుకుంటారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా ఒకే పద్ధతిలో దొరికిన మొదటి కొలత అది. కానీ ఆ రాడార్ తరంగాలు దట్టమైన ఆకుల్ని దాటి పూర్తిగా నేల దాకా వెళ్లవు. కాబట్టి అడవి ఉన్న చోట ఆ ఎత్తులో చెట్ల ఎత్తు కూడా కొంత కలిసిపోయి ఉంటుంది. దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. అడవి అంచు దగ్గర, ఖాళీ నేలకీ చెట్ల తలలకీ మధ్య, లేని వాలు ఒకటి పుడుతుంది. మోడల్ ఆ వాలుని చూసి ఇలాంటి వాలున్న చోట అడవి అంచు ఉంటుందని నేర్చుకుంటుంది. అడవిని కనిపెట్టడానికి అడవినే వాడుకుని, భూస్వరూపం బ్రహ్మాండంగా పనిచేసిందని చంకలు గుద్దుకుంటాం. 2022లో వచ్చిన ఫాబ్‌డెమ్ అనే డేటా చెట్లనీ భవనాలనీ తీసేసిన ఎత్తులు ఇస్తుంది. అది కూడా చెట్ల ఎత్తుల పటాల వంటి వాటి సాయంతో మెషీన్ లెర్నింగ్ చేసిన దిద్దుబాటే. విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ అయితే ఆకుల సందుల్లోంచి నేలని నిజంగా తాకుతుంది. దాని ఖర్చు వల్ల ప్రపంచంలో చాలా పర్వతాలకి అది లేదు.

ఉపగ్రహ చిత్రాలు కలిపితే ఈ గొడవ తీరుతుంది కదా అనొచ్చు. చాలావరకు తీరుతుంది, కలపాల్సిందే. పెరిగే అవకాశం గురించి భూస్వరూపం, పెరిగినదాని గురించి చిత్రం మాట్లాడతాయి. అయితే కొండల్లో చిత్రం మీద కొండ నీడలు పడతాయి. ఉత్తర వాలు నల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎత్తుల డేటాతోనే వెలుతురు దిద్దుతాం. అంటే అదే డేటా ఇంకో దారిన మళ్లీ లోపలికొచ్చింది. అందులోని తప్పు ఇప్పుడు రెండు చోట్ల ఒకే వైపు లాగుతుంది.

ఇవన్నీ మోడల్ చేసేవాళ్లకి తెలియనివి కావు. మరి ధీమా ఎక్కణ్నుంచి వస్తోంది? పరీక్ష పెట్టే తీరు నుంచి అని నా అభిప్రాయం. మామూలుగా ఏం చేస్తారంటే, ఉన్న ప్లాట్లలో (మొక్కల వివరాలు రాసుకొచ్చిన నేల ముక్కల్లో) కొన్నిటిని చీటీలు తీసినట్టు పక్కన పెట్టి, మిగతావాటితో మోడల్ నేర్పి, పక్కన పెట్టినవాటి మీద పరీక్షిస్తారు. కానీ ప్లాట్లు గుంపులుగా ఉంటాయి. దారి ఉన్న చోటే మనుషులు నడుస్తారు, నడిచిన చోటే కొలుస్తారు. పరీక్షకి పెట్టిన ప్లాటుకి వంద మీటర్ల దూరంలో నేర్పిన ప్లాటు ఉంటుంది. ఇది ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష రాయించడం. 2020లో పియర్ ప్లొటన్ బృందం మధ్య ఆఫ్రికా అడవుల బయోమాస్ (చెట్ల మొత్తం బరువు) పటాన్ని రెండు రకాలుగా పరీక్షించి చూసింది. అవి పర్వతాలు కావు గానీ జబ్బు ఒక్కటే. చీటీల పద్ధతిలో మోడల్ సగానికి పైగా తేడాల్ని వివరించినట్టు కనిపించింది. దూరంగా ఉన్న ప్రాంతాల్ని మొత్తంగా పక్కన పెట్టి పరీక్షిస్తే దాని అంచనా శక్తి దాదాపు సున్నా అయింది.

దీన్ని మించింది ఇంకొకటుంది. 2018లో యోవాన్ ఫోర్కాడ్, ఇంకొందరు కలిసి వాతావరణం, భూస్వరూపం బదులు పాత పెయింటింగుల్ని యూరప్ పటం మీద పరిచి, వాటి రంగుల్ని బట్టి ఏ జీవజాతులు ఎక్కడుంటాయో చెప్పమని మోడళ్లకి ఇచ్చారు. చాలా జాతుల విషయంలో మామూలు కొలమానాల ప్రకారం అవి మంచి మోడళ్లే అని తేలాయి. నవ్వొచ్చే విషయమే గానీ ఇందులో గమ్మత్తేం లేదు. పక్కపక్క పిక్సెళ్లు ఒకేలా ఉండే ఏ బొమ్మ ఇచ్చినా, పక్కపక్కనే ఉండే మొక్కలతో అది ఎక్కడో ఒకచోట జత కుదురుతుంది. కాబట్టి ఎనభై ఐదు శాతం కరెక్ట్ అని పటం కింద రాసి ఉంటే నేను మొదట అడిగేది, ఏ కొండని పక్కన పెట్టి పరీక్షించారని.

ఆ శాతంలోనే ఇంకో కిటుకుంది. ప్లాట్లలో ఎనభై శాతం అడవే అయితే, కళ్లు మూసుకుని పటమంతా ఆకుపచ్చ పూసినా ఎనభై శాతం మార్కులు వచ్చేస్తాయి. నష్టపోయేవి చిన్న చోట్లు. ఊట నేలలు, ఆలస్యంగా మంచు కరిగే గుంటల్లోని కురచ మొక్కలు, కొండచరియల అంచులు. అరుదైన మొక్కలు చాలావరకు ఉండేది వీటిలోనే. సంరక్షణ కోసమని చేసే పటంలో సంరక్షించాల్సినవే మాయమైపోవడం నాకు చాలా చికాకు తెప్పించే విషయం.

చేతికి కొత్త పటం వస్తే నేను ముందుగా నిటారు వాలు మీది అడవిని పెద్దగా చేసి చూస్తాను. చలి ప్రాంతాల కొండల మీద అడవి మధ్యలోంచి పైనుంచి కిందికి గీసినట్టు లేత రంగు చారలుంటాయి. మంచుచరియలు జారే దారులవి. 30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట మంచు పొర తెగి, కాలువలా ఒంగిన పల్లం పట్టుకుని దూసుకొస్తుంది. ఆ దారిలో నిలువెత్తు చెట్టు బతకదు. మొదలు దగ్గరే వంగి, మంచు మీదనుంచి పోతుంటే నేలకి ఒరిగి మళ్లీ లేచే ఆల్డర్ పొదలు బతుకుతాయి. ఈ చారని చాలా మోడళ్లు అడవితో పూడ్చేస్తాయి. ఎత్తు సరిపోయింది, ఎండ సరిపోయింది, తడి కూడా సరిపోయింది, ఇంకేం కావాలని. చార నిజంగా గీసి ఉందంటే, ఆ పటం చేసినవాళ్లు ఒక్కో పిక్సెల్‌ని విడిగా చూడకుండా పైవాలులో ఏముందో కూడా లెక్కలోకి తీసుకున్నారని అర్థం. ఆ పటాన్ని ఇంకాస్త ఓపిగ్గా చదువుతాను.

మంచుచరియ కనీసం భూస్వరూపం మీద ఆధారపడింది. మనుషులు చేసిన పనులకి ఆ ఆధారమూ లేదు. ఆల్ప్స్‌లో శతాబ్దాల తరబడి పశువుల్ని మేపడం వల్ల చెట్లు ఆగే గీత తను ఉండాల్సిన చోటి కంటే కిందికి దిగిపోయింది. మేత తగ్గాక అడవి పైకి లేవడం మొదలుపెట్టింది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్ కొండల మీద కొత్తగా పెరిగిన అడవిని పరిశీలించినప్పుడు, అందులో ఎక్కువ భాగం వదిలేసిన పచ్చికల్లో వచ్చిందనీ, వేడెక్కడం వల్ల అసలు గీత దాటి పైకి పోయింది కొంచెమేననీ తేలింది. ఎత్తుల డేటాలో పచ్చిక వదిలేసిన సంవత్సరం ఉండదు. దక్షిణ భారత పర్వతాల్లో షోలా అనే కురచ సతతహరిత అడవులూ గడ్డి నేలలూ కలిసి ఉండే చోటు కూడా ఇలాంటిదే. మడతల్లో, లోయల్లో షోలా, తెరిపిన ఉన్న వాలుల మీద గడ్డి. గడ్డి నేలల్లో రాత్రి మంచు షోలా చెట్ల మొలకల్ని చంపేస్తుంది కాబట్టి భూస్వరూపం నుంచి ఈ రెండింటినీ విడదీయడం చాలావరకు కుదరాలి. కానీ కలప కోసం నాటిన ఆస్ట్రేలియా తుమ్మలు, యూకలిప్టస్, పైన్ ఆ గడ్డిని మింగేశాయి. 1973 నుంచి 2014 మధ్య పళని కొండల్లో తోటలూ వ్యవసాయమూ పెరిగి గడ్డి నేల మూడింట రెండు వంతులు పోయిందని ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం చెప్పింది. అక్కడ వాలూ ఎత్తూ చూసి గీసిన పటం గడ్డి అంటుంది. వెళ్లి చూస్తే తుమ్మ చెట్లు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన న్యాయమైనదే. డబ్బు లేదు, మనుషులు లేరు, కొండ పెద్దది, ఏ పటమూ లేకపోవడం కంటే లోపాలున్న పటం నయం కదా అంటారు. నయమే. రాబర్ట్ విటేకర్ 1956లో గ్రేట్ స్మోకీ పర్వతాల వృక్షసంపద మీద చేసిన పనిలో ఒక అక్షం మీద ఎత్తు, ఇంకో అక్షం మీద తడి లోయ నుంచి పొడి గట్టు దాకా భూస్వరూపం పెట్టి, ఏ అడవి ఏ మూల పడుతుందో ఒకే బొమ్మలో చూపించాడు. కంప్యూటర్ లేదు, ఎత్తుల ఉపగ్రహం లేదు. ఇప్పటికీ ఆ బొమ్మ చూస్తే ఆ కొండలు అర్థమవుతాయి. అంటే భూస్వరూపంలో నిజంగానే అంత సమాచారం ఉంది. కాకపోతే విటేకర్ ఆ గడుల్లో ఒక్కోదాన్నీ తిరిగి చూసి నింపాడు. అందాజుగా నింపినవాటిని చూసినవాటితో కలిపేయలేదు. లోపాలున్న పటం నయమే, లోపాలు ఎక్కడున్నాయో చెప్పినప్పుడు.

ఈ డేటాకి తిరుగులేని పనులు కూడా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ చోటు తగ్గిపోతుంది కాబట్టి వేడెక్కితే కొండ జీవులకి ఇరుకు తప్పదని చాలాకాలం అనుకున్నారు. 2015లో పాల్ ఎల్సెన్, మోర్గన్ టింగ్లీ ప్రపంచంలోని 182 పర్వతశ్రేణుల ఎత్తుల డేటా లెక్కగట్టి, వాటిలో మూడింట రెండు వంతుల్లో చోటు అలా వరసగా తగ్గిపోవడం లేదని చూపించారు. కొన్నిట్లో మధ్యలో ఇరుకై పైన మళ్లీ విశాలమవుతుంది. ఎత్తుల డేటాని ఎత్తు గురించే అడిగారు, అది సరైన జవాబు చెప్పింది. ముందుకాలం అంచనాల్లో మాత్రం బినామీ పూర్తిగా చేతులెత్తేస్తుంది. రేపు రెండు డిగ్రీలు పెరిగినా కొండ ఎత్తు మారదు కదా. దాంతో రెండు డిగ్రీలకి మూడొందల మీటర్లని లెక్కేసి పటం మొత్తాన్ని పైకి జరిపేస్తారు. అలా జరపడానికి కావలసిన నేల వేడి కొలతలు ఎవరూ తీసి ఉండరు. వాతావరణ కేంద్రాలు కొలిచేది మనిషి ఎత్తున గాలి వేడి. నేలలోని సగటు వేడి దానికంటే పది డిగ్రీల దాకా తేడాగా ఉండే చోట్లున్నాయని 2022లో వచ్చిన ప్రపంచ నేల వేడి పటాలు చూపించాయి.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే నేను 30 మీటర్ల పిక్సెల్‌ని 10 మీటర్లకి దించడం మీద పెట్టొద్దంటాను. పిక్సెల్ చిన్నదైతే పటం చురుగ్గా కనిపిస్తుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. గోరంత థర్మామీటర్లు వాలుకొకటి, గుంటకొకటి, గట్టుకొకటి పాతి ఏడాది వదిలేస్తే ఎత్తు వెనకాల దాక్కున్నది బయటికొస్తుంది. ప్లాట్లు దారి పక్కన కాకుండా భూస్వరూపాన్ని బట్టి వేయాలి. ముందు ఎత్తుల డేటాతోనే కొండని రకాలుగా విడగొట్టి, ఏ రకం నేల మీద ఒక్క ప్లాటు కూడా లేదో చూసి అక్కడికి మనుషుల్ని పంపాలి. అది సాధారణంగా ఎవరూ వెళ్లడానికి ఇష్టపడని చోటే అవుతుంది, నిటారు ఉత్తర వాలో, రాళ్ల గుట్టో. వెళ్లలేకపోతే ఆ చోటుని పటంలో తెల్లగా వదిలేయాలి. మోడల్ నేర్చుకున్న పరిస్థితులకి ఏ పిక్సెల్ ఎంత దూరంలో ఉందో కొలిచి, హద్దు దాటినవాటిని తీసేసే పద్ధతిని హన్నా మేయర్, ఎడ్జర్ పెబెస్మా 2021లో ప్రచురించారు. ప్రోగ్రాము కూడా ఉచితమే. ఆ పొర కలిపితే చాలా పటాల్లో పెద్ద పెద్ద తెల్ల మచ్చలు పడతాయి, పటం చేయించుకున్నవాళ్లకి అవి నచ్చవు, ఇదేంటి సగం పనేనా అంటారు. అయినా వచ్చే ఏడాది ఎవరిని ఏ వాలుకి పంపాలో చెప్పేది ఆ మచ్చలే.